అడిగిన మనిషి, అప్పగించిన పని

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. సాయం లారీల్లో వచ్చింది, పడవల్లో వచ్చింది, డ్రోన్లతో ఆకాశం నుంచి కూడా దిగింది. అయితే పెద్ద రోడ్డు దాకా వచ్చిన పులిహోర పొట్లం, పాల ప్యాకెట్టు, మంచినీళ్ల సీసా లోపలి సందుల్లో మేడమీద చిక్కుకున్న ముసలమ్మ చేతికి అందాలంటే ఆ సందు తెలిసిన మనిషి కావాలి. మ్యాన్‌హోల్ ఎక్కడుందో, ఏ ఇంట్లో మంచం పట్టిన రోగి ఉన్నాడో, ఏ వాటాలో బాలింత ఉందో ఎరిగిన మనిషి కావాలి. నడుము లోతు నీళ్లలో ఆ పనికి దిగినవాళ్లలో ఆ వీధుల కుర్రాళ్లే ఎందరో. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడూ ఇదే జరిగింది. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వలస కూలీలు 44వ నంబరు జాతీయ రహదారి వెంట కాలినడకన ఉత్తరాదికి బయలుదేరినప్పుడు, దారిపొడవునా అన్నం, మజ్జిగ, చెప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్లలోనూ యువతే ఎక్కువగా కనిపించింది. ప్రతిసారీ మనం ఆశ్చర్యపోతాం, యువత మేల్కొందని రాసుకుంటాం. నీళ్లు తీసిన నెలకే పాత మాట మళ్లీ మొదలవుతుంది: ఈ కాలం పిల్లలకు ఫోను తప్ప పక్కింటి మనిషి పట్టడు, సేవాభావం అడుగంటిపోయింది. ఈ ఆశ్చర్యానికీ ఈ ఆక్షేపణకూ మూలం ఒకే పొరపాటు.

సేవ చేయాలన్న ప్రేరణ కుర్రవాడి మనసులో ముందే ఉండే నిల్వ అనుకోవటమే ఆ పొరపాటు. నిల్వ ఉంటే వస్తాడు, లేకపోతే రాడు. తగ్గిందనిపిస్తే ఉపన్యాసంతో, జనవరి 12న జాతీయ యువజన దినోత్సవం నాటి వ్యాసరచన పోటీతో నింపాలి. మన కాలేజీలూ ప్రభుత్వాలూ దశాబ్దాలుగా నడుస్తున్నది ఈ నమ్మకం మీదే. పరిశోధకులు చూసిన సంగతీ, మన రెండు రాష్ట్రాల అనుభవమూ వేరుగా ఉన్నాయి. యువతను సేవలోకి తెచ్చేది చాలావరకు తెలిసిన మనిషి ఒకరు పేరుపెట్టి పిలవటం. వచ్చినవాళ్లను నిలబెట్టేది, తాము రాని రోజు ఎవరికో తెలిసొచ్చే పని చేతికి అందటం. మంచితనం అక్కర్లేదని కాదు, అది చాలామందిలో ఇప్పటికే ఉంది. కరువంతా అడిగేవాళ్లకూ, అప్పగించదగ్గ పనికీ. అందుకే యువత ఎందుకు రావటం లేదన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది కాలేజీలు, పంచాయతీలు, సంఘాలు, ప్రభుత్వాలు. ఇరవై ఏళ్ల పిల్లల నుంచి సంజాయిషీ అడగటానికి ముందు మనం ఇవ్వాల్సిన సంజాయిషీ చాలా ఉంది.

ఈ వాదనకు గట్టి ఆధారం అమెరికాలో 1964 వేసవి. మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించటానికి, వాళ్ల పిల్లలకు బడులు నడపటానికి పౌరహక్కుల సంఘాలు కాలేజీ విద్యార్థులను పిలిచాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది తెల్లవాళ్లు, కలిగిన ఇళ్ల పిల్లలు. జీతం లేకపోగా, అరెస్టయితే జామీను డబ్బు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ప్రాణభయం ఊహ కాదు. జూన్ 21న ముగ్గురు కార్యకర్తలు మాయమయ్యారు, ఆగస్టులో వాళ్ల శవాలు ఒక మట్టికట్ట కింద దొరికాయి. ఎంపికైనవాళ్లలో కొన్ని వందలమంది వెళ్లారు, రెండు వందలకు పైగా చివరి దశలో ఆగిపోయారు. చాలా ఏళ్ల తర్వాత డగ్ మక్ఆడమ్ అనే సమాజశాస్త్రవేత్త వాళ్లు నింపిన దరఖాస్తులు సంపాదించి, వెళ్లినవాళ్లనూ ఆగినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చదివాడు. ఆదర్శాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వర్ణవివక్ష మీద ఆగ్రహం, సమానత్వం మీద నమ్మకం ఆగిపోయినవాళ్ల దరఖాస్తుల్లోనూ అంతే గాఢంగా ఉన్నాయి. తేడా ఉన్నది సంబంధాల్లో. వెళ్లినవాళ్లకు అదే పనికి బయలుదేరుతున్న దగ్గరి స్నేహితులు ఎక్కువమంది ఉన్నారు. అప్పటికే ఏదో ఒక సంఘంలో పనిచేస్తున్నారు. వెనక్కి తగ్గితే మొహం చాటేయాల్సిన మనుషులు వాళ్లకు ఉన్నారు. ప్రాణాలకు తెగించాల్సిన చోటే ఇలా ఉంటే, ఆదివారం పొద్దున చెరువుగట్టు శుభ్రం చేసే పనికి ఆదర్శం ఒక్కటే మనిషిని మంచం మీంచి లేపుతుందని ఎలా అనుకోగలం? లేపేది, “ఒరేయ్, ఆరింటికల్లా వచ్చెయ్, నీ కోసం బండి ఆపుతా” అన్న గొంతు.

ఇది అర్థం కావటానికి మిసిసిపీ దాకా వెళ్లక్కర్లేదు, భాద్రపదంలో మన వీధి చివర నిలబడితే చాలు. వినాయక చవితికి నెల ముందే కమిటీ కూర్చుంటుంది. చందా పుస్తకం, విగ్రహానికి అడ్వాన్సు, పోలీసు అనుమతి, కరెంటు కనెక్షను, మండపం కర్రలు, రాత్రి కాపలా వంతులు, అన్నదానం రోజు వందలమందికి వంట, వడ్డన, నిమజ్జనానికి ట్రాక్టరో లారీనో, చివర్లో జమాఖర్చులు. ఇంత పనీ పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య వయసువాళ్లు పైసా ఆశించకుండా, ఏ సర్టిఫికెట్టూ లేకుండా చేస్తారు. సామాన్లు పోకుండా చూసుకుంటారు, లెక్క తేడా వస్తే జేబులోంచి వేసుకుంటారు. ఇదంతా భక్తి, సరదా, నలుగురిలో పేరు కోసం కదా, సేవ ఎలా అవుతుందని ఎవరైనా అనవచ్చు. సరే, సేవ అని అనకండి. కానీ చేతకాని తరం అనుకుంటున్నవాళ్లకు ఇంత నిర్వహణ ఎలా వచ్చిందో చూడాలి. ఆ కుర్రవాడిని పిలిచింది పక్కింటి స్నేహితుడు. వాడి చేతికి ఇచ్చింది మైకు సెట్టు బాధ్యతో, చందా లెక్కో. అది వాడిదే, తప్పయినా ఒప్పయినా వాడిదే. ఫలితం వీధంతటికీ కనిపిస్తుంది. తిరుమలలో 2000లో మొదలైన శ్రీవారి సేవకు ఊళ్ల నుంచి జట్లు జట్లుగా వచ్చి క్యూలైన్ల దగ్గర, అన్నప్రసాదం దగ్గర నిలబడేవాళ్లలోనూ ఈ లక్షణమే ఉంది. ఒంటరిగా పేరిచ్చి వచ్చేవాడి కంటే ఊరివాళ్లతో కలిసి బయలుదేరినవాడు తేలిగ్గా కదులుతాడు.

తెలుగునాట ఈ సూత్రానికి అతిపెద్ద ప్రయోగం రక్తదానం. మన దేశంలో ఒకప్పుడు రక్తం అమ్ముడుపోయేది. అవసరం తరిమిన పేదవాళ్లు పదేపదే అమ్మేవారు, ఆ రక్తంతో పాటు జబ్బులూ రోగికి చేరేవి. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వటంతో, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతి ఆగిపోయింది. తీర్పు న్యాయమైనదే, కానీ ఖాళీ ఎవరు నింపాలి? తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఆ బిడ్డ తండ్రికి తీర్పులతో పనిలేదు. 1998లోనే అక్టోబరు 2న చిరంజీవి పేరిట ట్రస్టు మొదలై, రక్తనిధి, నేత్రనిధి నడిపింది. సినిమా విడుదల రోజున థియేటర్ల ముందు కటౌట్లకు దండలు వేసే అభిమాన సంఘాలు రక్తదాన శిబిరాల ముందు వరస కట్టాయి. తర్వాత మిగతా కథానాయకుల అభిమానులూ ఆ దారి పట్టారు. ఇప్పుడు ఏ పట్టణంలోనైనా హీరో పుట్టినరోజంటే రక్తదాన శిబిరం మామూలు సంగతి. ఆ కుర్రాళ్లకు అంతకుముందు లేని కరుణ ఒక్కసారిగా పుట్టిందని అనలేం. వాళ్లు మనసారా నమ్మిన మనిషి అడిగాడు. సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చి పేరు రాసుకున్నాడు. పక్కన స్నేహితుడు చెయ్యి చాచి పడుకున్నాడు. అరగంటలో అయ్యే పని, ఎవరికో ప్రాణమయ్యే పని.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. వాళ్ల ప్రేరణ రోగి మీద దయ కాదు, హీరో మీద మోజు. కాలేజీ విద్యార్థి ప్రేరణ సర్టిఫికెట్టు, ఇంటర్వ్యూలో చెప్పుకోవటానికి ఒక వాక్యం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో. స్వార్థం కలిసిన సేవ సేవేనా? మనలో చాలామంది లోలోపల ఈ ప్రశ్న వేసుకుంటారు, నిష్కామ కర్మను ఆదర్శంగా చెప్పుకుంటూ పెరిగినవాళ్లం కాబట్టి. కానీ మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లారీ, స్నైడర్, వారి సహచరులు 1998లో ప్రకటించిన పరిశోధనలో స్వచ్ఛంద సేవకు మనుషులు చెప్పే కారణాలను పరిశీలిస్తే ఆరు రకాలు తేలాయి: నమ్మిన విలువలు, కొత్తది నేర్చుకోవాలన్న కోరిక, స్నేహబంధాలు, ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం, సొంత బాధల నుంచి ఊరట, తన మీద తనకు గౌరవం. ఒకే మనిషిలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి. అంతకంటే ఆలోచింపజేసేది 1995లో ఒమోటో, స్నైడర్ ప్రచురించిన అధ్యయనం. ఎయిడ్స్ రోగులకు తోడుగా నిలిచిన కార్యకర్తలను వాళ్లు రెండున్నరేళ్ల పాటు గమనించారు. తమకంటూ ఏదో దొరుకుతుందని, అంటే నేర్చుకోవటం, ఎదగటం, ఆత్మగౌరవం దక్కుతాయని వచ్చినవాళ్లే ఎక్కువకాలం నిలబడ్డారు. ఎయిడ్స్ పేరెత్తితే ఊళ్లు వణికే రోజులవి. పరోపకారం ఒక్కటే పట్టుకుని వచ్చినవాళ్లను ఆ బరువు త్వరగా అలసిపోయేలా చేసి ఉంటుందని అనుకోవటం తప్పుకాదు. కాబట్టి కుర్రవాడు సర్టిఫికెట్టు కోసం వచ్చాడని మనం నొచ్చుకోవటం దండగ. వచ్చినవాడికి సర్టిఫికెట్టు కంటే విలువైనది దొరికిందా లేదా అన్నదే మనం కొలవాల్సింది.

అభిమాన సంఘాల ఉదాహరణకు ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు. అడిగినవాడి మీద ఆధారపడిన సేవ అడిగినవాడితోనే నడుస్తుంది. 2008 ఆగస్టులో చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం పుట్టినప్పుడు, రక్తం ఇచ్చిన సంఘాల్లో చాలామంది జెండాలు పట్టిన కార్యకర్తలయ్యారు. అది వాళ్ల హక్కు. కానీ బంధం రోగితో కాకుండా నాయకుడితో ఉన్నప్పుడు, నాయకుడు దారి మారిస్తే సేవా దారి మారుతుంది. పార్టీల యువజన విభాగాలకూ, కొన్ని మత సంస్థలకూ ఇదే మాట వర్తిస్తుంది. పిలుపు మనిషిని గుమ్మం దాకా తెస్తుంది, ఆ తర్వాత బంధం పనితో ముడిపడాలి. అభిమానిగా మొదటిసారి రక్తమిచ్చిన యువకుడికి మూడు నెలల తర్వాత రక్తనిధి నుంచే ఫోన్ వచ్చి, ఫలానా బిడ్డకు మీ గ్రూపు రక్తం కావాలని చెబితే, రెండోసారి అతను వచ్చేది ఆ బిడ్డ కోసం.

పిలుపు ఉండి పని లేకపోతే ఏమవుతుందో జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) చూపిస్తుంది. గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దాన్ని 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలుపెట్టారు. ఎన్ఎస్ఎస్ ఆలోచన గొప్పది. చదువుకునే పిల్లవాడు తనకు చదువు సమకూర్చిన సమాజాన్ని దగ్గరగా చూడాలి, దాని కష్టంలో చెయ్యి వేయాలి. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం. దీన్ని ప్రాణంగా నడిపే ప్రోగ్రాం ఆఫీసర్లు ఉన్నారు, వాళ్ల విద్యార్థులు ఏళ్ల తరబడి ఆ ఊరిని మరిచిపోరు. కానీ చాలాచోట్ల జరిగేది వేరు. ఊరు అడగని పని, ముందే ఊడ్చిన బడి ఆవరణ, బ్యానర్ ముందు ఫొటో, అవగాహన ర్యాలీ, రికార్డులో గంటలు. ఆ పిల్లలను మిగతా 239 గంటలు తరమాల్సి వస్తే తప్పు వాళ్లది కాదు. మొదటి గంటలోనే తమ అవసరం ఎవరికీ లేదని వాళ్లకు అర్థమైపోయింది. నిర్బంధం మీద 1999లో స్టూకస్, స్నైడర్, క్లారీ చేసిన పరిశోధన కూడా ఇటే చూపుతుంది. బయటి ఒత్తిడి వల్లే చేస్తున్నామని అనిపించిన విద్యార్థుల్లో, తర్వాత స్వేచ్ఛగా సేవ చేయాలన్న ఉద్దేశం బలహీనపడింది. ఏ పని చేయాలో ఎంచుకునే వీలు కొంతైనా ఉన్నప్పుడు ఆ నష్టం తగ్గింది. ఊరివాళ్లతో కూర్చుని పని తేల్చే హక్కు విద్యార్థులకు ఇచ్చిన శిబిరానికీ, పనుల పట్టిక పైనుంచి దిగిన శిబిరానికీ మధ్య తేడా ఇక్కడే ఉంది.

అసలైన పని దొరికితే యువత ఏం చేయగలదో చూడాలంటే నెల్లూరు జిల్లాకు, 1990ల తొలినాళ్లకు వెళ్లాలి. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం అక్కడ అక్షర దీపం పేరుతో నడిచింది. పదో తరగతో ఇంటరో చదివిన ఊరి యువతీ యువకులు, పగలు కూలికి వెళ్లొచ్చిన అక్కలకూ అత్తలకూ రాత్రిపూట అక్షరాలు దిద్దించారు. జీతం లేదు. కళాజాతాలు ఊరూరా తిరిగి పిలిచాయి, కానీ ఇంటికి వెళ్లి “పిన్నీ, ఈ రాత్రి రావాలి” అని అడిగింది ఆ ఊరి పిల్లలే. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, మగవాళ్ల సారా తాగుడుతో నలిగిన ఒక ఊరి ఆడవాళ్లు దుకాణం మూయించిన కథ. దాన్ని చదివిన దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992కల్లా ఉద్యమం జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే చరిత్ర. చదువు చెప్పిన ఆ కుర్రవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. తాము దిద్దించిన అక్షరం తమ కళ్లముందే కలెక్టరు దాకా, శాసనసభ దాకా నడిచింది. ఏ గౌరవవేతనం అంతటి సంతృప్తిని ఇవ్వగలదు?

డబ్బు గురించి సూటిగానే మాట్లాడుకోవాలి. ఇజ్రాయెల్‌లో ఉన్నత పాఠశాల విద్యార్థులు ఏటా ఇల్లిల్లూ తిరిగి విరాళాలు సేకరిస్తారు. ఆర్థికవేత్తలు గ్నీజీ, రుస్టిచినీ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఆ జట్లను మూడుగా విడదీశారు. ఒక వర్గానికి ఏమీ ఇవ్వలేదు. ఒకదానికి వసూలైన మొత్తంలో ఒక శాతం, ఇంకోదానికి పది శాతం ఇస్తామన్నారు, అదీ విరాళాల్లోంచి కాదు, విడిగా. ఏమీ తీసుకోని జట్లే అందరికంటే ఎక్కువ వసూలు చేశాయి. పది శాతం వాళ్లు ఒక శాతం వాళ్ల కంటే మెరుగు, కానీ ఉచితంగా తిరిగినవాళ్లను అందుకోలేకపోయారు. కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టగానే మంచిపని కాస్తా తక్కువ కూలి పనిగా మారిపోయింది. మన దగ్గర ఇది లక్షల స్థాయిలో కనిపించింది. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది: సుమారు యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం, మొత్తం రెండున్నర లక్షలమందికి పైగా. ఒకటో తారీఖు తెల్లవారుజామున తలుపు తట్టి వృద్ధుల చేతిలో పింఛను పెట్టిన యువతీ యువకులు ఆ యాభై ఇళ్ల కష్టసుఖాలు తెలుసుకున్నారు, చాలామంది ప్రేమగానే చేశారు. సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని పురస్కారాలు పెట్టాల్సి రావటంలోనే, డబ్బు ఒక్కటే మనిషిని నిలపదని ప్రభుత్వమూ గుర్తించినట్లు ఉంది. కానీ వాళ్ల స్థానం మొదటి నుంచీ రెంటికీ చెడ్డది. ఉద్యోగానికి ఉండే భద్రత లేదు, సేవకు ఉండే స్వేచ్ఛా లేదు. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టింది, ప్రభుత్వం మారాక ఆ జులై నుంచి ఆ పని సచివాలయ ఉద్యోగులకు వెళ్లింది. రాజకీయ పక్షాలు దాని మీద ఎన్ని మాటలైనా అనుకోవచ్చు. ఆ యువతకు జరిగిన నష్టం మాత్రం అందరం ఒప్పుకోవాల్సిందే. జీవితంలో అత్యంత విలువైన ఐదేళ్లు వాళ్లు పేరులేని హోదాలో గడిపారు.

అందుకే సేవ గురించి మాట్లాడేవాళ్లు జవాబు చెప్పాల్సిన అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇది: నిరుద్యోగంతో కొట్టుమిట్టాడుతున్న తరాన్ని ఉచితంగా పనిచేయమనటం దోపిడీ కాదా? ఆశా కార్యకర్తలను చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వాళ్లు వచ్చినప్పుడు ప్రభుత్వం పెట్టిన పేరు గౌరవ సేవకులు. గర్భిణుల నమోదు నుంచి కోవిడ్ ఇంటింటి సర్వే దాకా మన పల్లె వైద్యం వాళ్ల కాళ్ల మీద నడుస్తోంది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను సత్కరించింది. సత్కారం అందింది గానీ, ఉద్యోగిగా గుర్తింపు కోసం, స్థిరమైన జీతం కోసం ధర్నా చౌకుల్లో కూర్చోవటం తప్పలేదు. ఆ అభ్యంతరం నిజమైనది, దానికి నేను తలవంచుతాను. సేవాభావం పేరు చెప్పి రాజ్యం తన బాధ్యతను పేద యువతుల భుజాల మీదికి జార్చటం అన్యాయం. దీనికి ఒక గీత గీసుకోవచ్చు. ఒక మనిషి ఈ రోజు రాకపోతే ఎవరి మందో, పింఛనో, భోజనమో ఆగిపోయేట్లయితే అది ఉద్యోగం, జీతమిచ్చి తీరాలి. స్వచ్ఛంద సేవకుడు రాకపోతే ఎవరో ఒకరు ఎదురుచూడాలి, అంతేగానీ ఎవరి బతుకూ ఆగకూడదు. ఎదురుచూసేవాళ్లు ఉండటమే అతణ్ని మళ్లీ రప్పిస్తుంది. బతుకు ఆగే భారం అతని మీద మోపితే భయం మిగులుతుంది, సేవ మిగలదు.

ఈ గీతను చక్కగా పాటించిన చోటు కేరళ. 1993లో కోళికోడ్‌లో పుట్టిన నొప్పి ఉపశమన వైద్య సంఘం అనుభవంతో, 2000 తర్వాత మలప్పురం, కోళికోడ్ ప్రాంతాల్లో ఇరుగుపొరుగు జట్లు ఏర్పడ్డాయి. క్యాన్సరుతోనో పక్షవాతంతోనో మంచం పట్టినవాళ్లకు పుండు కడిగేది, మార్ఫిన్ మోతాదు చూసేది జీతం తీసుకునే నర్సు, వైద్యుడు. వారానికి కనీసం రెండు గంటలు ఇస్తామని శిక్షణ పొందిన ఇరుగుపొరుగువాళ్లు, కాలేజీ పిల్లలు సహా, వెళ్లి కూర్చుంటారు, కబుర్లు చెబుతారు, ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల ఫీజు కట్టారా అని కనుక్కుంటారు. ఎవరి ఇంట్లో ఏం అవసరమో తేల్చే నిర్ణయంలో వాళ్లకు భాగం ఉంది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన చికిత్సకు ప్రభుత్వ విధానమే తెచ్చి, స్థానిక సంస్థలకు బాధ్యత అప్పగించింది. జీతపు పనినీ సేవనూ ఒకదాంట్లో ఒకటి కలపకుండా, రెంటినీ ఒకే గుమ్మంలోకి తెచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో మంచం పట్టిన ముసలివాళ్లు తక్కువా? పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండగా గోదావరి జిల్లాల్లో, కరీంనగర్‌లో పెద్ద ఇళ్లలో ఒంటరిగా మిగిలిన దంపతులు ఎందరు! అదే ఊరి డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటుంది, దాని పిల్లలు గంటల కోసం గడ్డి పీకుతుంటారు.

తెలిసిన మనిషే పిలవాలంటే మరో చిక్కు ఉంది. మన ఊళ్లలో తెలిసిన మనిషి అంటే చాలావరకు తన కులంవాడు, తన వాడవాడు. ఊరికి ఒక మండపం, దళితవాడకు వేరే మండపం ఉన్న పల్లెలు లేవని ఎవరం అనలేం. స్నేహాల వెంట నడిచే సేవ ఆ గోడల లోపలే తిరిగే ప్రమాదం నిజంగా ఉంది. నా వాదనకు ఇది బలహీనమైన చోటని ఒప్పుకుంటాను, కానీ దానికి మందు కూడా అందులోనే ఉంది. కులాలు కలిసి చదివే, తినే, పడుకునే చోట్లు మనకు కొన్ని ఉన్నాయి: ప్రభుత్వ కాలేజీ, సంక్షేమ హాస్టలు, విశ్వవిద్యాలయం. అక్కడ స్నేహాలు గోడ దాటుతాయి కాబట్టి పిలుపూ గోడ దాటుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమంది చనిపోయినప్పుడు, బురదలో కుళ్లిన శవాలను ఎత్తి దహనం చేసినవాళ్లలో విద్యార్థులు, రకరకాల సంస్థల యువకులు ఉన్నారు. శవాన్ని ముట్టుకునే పనిని కొన్ని కులాలకే అంటగట్టిన సమాజంలో ఆ పిల్లలు ఆ పనికి చేతులు పెట్టారు. మామూలు రోజుల్లో అలాంటి కలయికను కాలేజీలే కల్పించగలవు. ఆ అరుదైన లాభం కోసమైనా ఎన్ఎస్ఎస్‌ను కాపాడుకోవాలి.

చివరి అడ్డంకి ప్రేరణది కాదు, సమయానిది, అనుమతిది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు నిండిన ఆడవాళ్లలో 81.2 శాతం ఇంటి పనుల్లో ఉన్నారు, మగవాళ్లలో 26.1 శాతమే. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఇస్తే, మగవాళ్లు 97 నిమిషాలు. సేవ చేయాలని ఎంత ఉన్నా ఆ తేడా మొత్తం అమ్మాయి సాయంత్రంలోంచే పోతుంది. అబ్బాయిలకైనా పదహారు, పద్దెనిమిది ఏళ్ల మధ్య, మనసు నలుగురితో కలవటానికి అన్నిటికంటే తెరిచి ఉండే వయసులో, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఈఏపీసెట్, జేఈఈ, నీట్ స్టడీ అవర్లతో ఇంటర్ హాస్టళ్లలో తలుపులు వేసేస్తున్నాం. రెండేళ్లు పక్కవాణ్ని పోటీదారుగా మాత్రమే చూడటం నేర్పి, డిగ్రీలో చేరగానే సమాజం గురించి పట్టించుకోమంటున్నాం. ఇంటర్ బోర్డులు వారానికి రెండు గంటలు టైంటేబుల్‌లో తప్పనిసరిగా ఖాళీ ఉంచమనవచ్చు. ఆ గంటల్లో ఏం చేయాలో కాలేజీ చుట్టూ ఉన్న అంగన్‌వాడీ, గ్రంథాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పంపే పనుల జాబితా నుంచి పిల్లలే ఎంచుకోవాలి, ఏ పనీ ఎంచుకోకుండా ఉండే స్వేచ్ఛా వాళ్లకు ఉండాలి. అమ్మాయిల కోసమైతే శిబిరం వేళలు ఊరికి వెళ్లే చివరి బస్సును బట్టి నిర్ణయించాలి, చార్జీలు కాలేజీ భరించాలి, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడే అధ్యాపకురాలికి ఆ సమయం పనిగంటల్లో లెక్కకట్టాలి.